అవ్వతాతల చెంత

పెద్దలకు సేవ చేయుట యనగానే మనకు ముందుగా తోచునవి కొన్ని కలవు. వేళకు మందు తెచ్చి యిచ్చుట, పథ్యమెఱిగి యన్నము పెట్టుట, పండుగనాడు కొత్తబట్ట సమర్పించి పాదములకు మ్రొక్కుట. ఇవి యన్నియు మంచిపనులే; వీనిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని రేడియో పనిమీద పల్లెలకు పోయినప్పుడెల్ల మేము గమనించిన విషయ మొకటి కలదు. ప్రొద్దుటూరు వీధియరుగు మీద గాని, జమ్మలమడుగులో మగ్గపు గుంట యొద్ద గాని, పులివెందుల చీనీతోట గట్టుమీద గాని కూర్చున్న వృద్ధుడు కూటికొఱకు, గుడ్డకొఱకు వగచుట అరుదు. చెప్పుటకు తనవద్ద ఎంతో కలదు, వినువాడు లేడు. ఇదియే వారి కొఱత.

బిడ్డలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, కువైటులోనో, అమెరికాలోనో ఉందురు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. వానలు నమ్ముకొని బ్రదుకలేని సీమ యిది. బయటికి పోయినవారే ఇంటిని నిలిపినారు. వారు దినదినము ఫోనులో మొగము చూపుచునే యుందురు. అయినను ఆ మాటలు 'తినింటివా, మాత్ర వేసుకుంటివా, నిద్ర పట్టెనా' అను మూడు ప్రశ్నలతో ముగియును. కపిల తోలునప్పుడు పాడిన పాట యేది, నీ పెండ్లికి ఎన్ని బండ్లు కట్టిరి, కరువు సంవత్సరమున ఏమి తిని బ్రదికితిరి అని అడుగుటకు ఫోనులో తీరిక చాలదు. అడుగవలెనని తోచదు కూడ.

ఆ యడుగు పనిని ఊరిలోనే యున్న యువకులు, యువతులు వారమునకొక పూట చేయరాదా యన్నదే మా ప్రసంగ విషయము.

వాలంటీరు అను మాటకు ఇటీవల మన జిల్లాలో వేరొక యర్థము స్థిరపడినది. 2019 ఆగస్టునుండి గ్రామ, వార్డు వాలంటీర్లు ఇంటింటికి పోయి పింఛను ఇచ్చుచుండిరి. 2024లో ఆ యేర్పాటు నిలిచి, ఆ పని సచివాలయ ఉద్యోగుల చేతికి వచ్చినది. దాని మంచిచెడ్డల నిర్ణయము మాకు విషయము కాదు. అయితే ఆ రోజులలో పింఛను మొత్తముకంటె, తలుపు తట్టి 'అవ్వా' యని పిలిచిన గొంతుకకొఱకు ఎదురుచూచిన ముసలివారు కొందఱుండిరన్నది మాత్రము మనము గుర్తుంచుకొనదగినది. మేము చెప్పు వాలంటీరునకు గౌరవవేతనము లేదు, పట్టిక లేదు, పైఅధికారి లేడు. చేతిలో ఒక ఫోను, ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక ఉండిన చాలును.

ఇంత తొందర యేల యని యడుగువారికి జమ్మలమడుగు వైపు చూపింపవలసి యున్నది. పెన్నానదిమీద నిర్మించిన గండికోట జలాశయము 26.85 టీ.ఎం.సీ.ల నీటిని పట్టును. శ్రీశైలము నీరు గాలేరు–నగరి కాలువద్వారా వచ్చి అందు చేరును. 2020లో నీటిమట్టము పెంచినప్పుడు కొండాపురము మండలములోని తాళ్లప్రొద్దుటూరు ఖాళీ యయ్యెను. అంతకుముందే మఱికొన్ని పల్లెలు లేచిపోయినవి. నీరు కావలసినదే, నీటికొఱకు తరతరములుగా మొఱపెట్టిన ప్రాంతము కాదనదు. పరిహారపు పట్టికలలోనికి ఇండ్లెక్కినవి, చేలెక్కినవి, చెట్లును బావులును ఎక్కినవి. ఎక్కనివి వేరు. ఏ బావినీరు పప్పుడుకుటకు మంచిది, పీర్లను ఏ మలుపువద్ద దించి నిలుపుదురు, చెక్కభజన ఏ వీధినుండి బయలుదేరును, ఏ చేనికి ఏ పేరు, ఆ పేరు ఎందుకు వచ్చినది అనునవి ఏ సర్వేయరు వ్రాసికొనలేదు. క్రొత్త కాలనీలో వీధులకు అంకెలున్నవి. అక్కడ పుట్టిన పిల్లవానికి తన ఊరనగా ఆ అంకెలే. పాత ఊరు నేడు నీటిక్రిందను, అరువది డెబ్బది దాటినవారి తలలలోను మాత్రమే కలదు. నీటిక్రింది ఊరు ఎండకాలమున ఒకపాటి మొండిగోడలైన చూపునేమో. తలలలోని ఊరు ఒక్కొక్క చావుతో ఒక్కొక్క వీధి చొప్పున శాశ్వతముగా మునుగుచున్నది.

ఇట్టివారియొద్ద చేయదగిన పని యొకటి చెప్పుదుము. ఒక పెద్ద తెల్లకాగితము తీసికొనిపోయి, ముగ్గురు నలుగురు వృద్ధులను ఒకచోట కూర్చుండబెట్టి, పాత ఊరి పటము గీయుడని కోరవలెను. మొదట 'మాకేమి వచ్చునబ్బీ' యందురు. ఒకరు గుడి గుర్తు పెట్టగానే పని దానియంతట అదియే సాగును. బావి గుడికి తూర్పున నని ఒకరందురు, 'కాదు, ఈశాన్యము, ఆడ మా యెద్దు పడింటే నేను గదా తీసింది' అని వేఱొకరందురు. ఆ వాదములోనే ఊరు లేచి వచ్చును. పటము ఎంత వంకరగా ఉన్నను ఫరవాలేదు. అందులోని పేర్లు మాత్రము వారు పలికినట్లే వ్రాయవలెను. ఆడవారిని వేఱుగా కూర్చుండబెట్టి మఱొక పటము గీయించుట మంచిది. మగవారి ఊరును, ఆడవారి ఊరును ఒకటి కాదు. ఒకదానిలో రచ్చబండ నడుమనుండును, మఱొకదానిలో నీళ్లరేవు.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. దత్తమండలములు 1800లో కుంపిణీ చేతికి వచ్చిన తరువాత కర్నల్ కాలిన్ మెకంజీ ఇచ్చటి కొలత పని చేయించుచు, తన సహాయకులను ఊరూర పంపి, కరణములచేతను పెద్దలచేతను గ్రామ వృత్తాంతములు చెప్పించి వ్రాయించెను. ఆ పనికి ఆధారమైనవారు కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు. ఆ వ్రాతలే కైఫియత్తులు. గండికోట, జమ్మలమడుగు ప్రాంతపు సంగతులు నేడు మనము చదువుకొనగలుగుట వారి పుణ్యమే. తరువాత బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితులను చేర్చి, తాళపత్రములకు ప్రతులు వ్రాయించిన సంగతి మీ రెఱిగినదే. ఆ బంగళా యున్న తావుననే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన గ్రంథాలయము లేచినది. అదియే నేటి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము, యోగి వేమన విశ్వవిద్యాలయమునకు అనుబంధము. అయితే మెకంజీ సహాయకులు కరణమును, రెడ్డిని, గుడి పూజారిని అడిగిరి. కూలికి పోవు ఆడమనిషిని, మాదిగపల్లె డప్పు వాయించు పెద్దను అడిగినట్లు ఆ కైఫియత్తులలో ఎక్కువగా కనబడదు. రెండువందల యేండ్లనాటి ఆ ఖాళీని నింపుట నేటి విద్యార్థికి మిగిలియున్నది.

మఱియొక దృష్టాంతము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశమును సిద్ధపఱచిరి. వ్యవసాయ పదముల సంపుటము 1962లోను, చేనేత పదముల సంపుటము 1971లోను వెలువడినవి. పరిశోధకులు జిల్లాజిల్లాకు పోయి, రైతుముందు గొఱ్ఱు పెట్టి 'దీని నేమందురు, ఈ భాగము నేమందురు' అని యడిగి సంపాదించిన మాటలవి. నిఘంటువులలోని మాటలు పుస్తకమునుండి పుస్తకములోనికి పోవును; ఇవి నాలుకమీదనుండి నేరుగా కాగితముమీదికి దిగినవి. నేడు పులివెందుల చుట్టుపట్ల బోరుబావి లేని తోట లేదు. కపిలబాన చూచినవారు వృద్ధులే. దాని తొండమును ఎట్లు కుట్టుదురు, మోకు తెగిన నేమగును, వెనుకకు నడచు ఎద్దుల నెట్లు అదలింతురు అను సంగతులు చెప్పగలవారు ఒక్కొక్క ఊర నలుగురైదుగురు మిగిలిరేమో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గములవద్దను అంతియే. పడుగు, పేక, నాడె, అచ్చు అను మాటలు ఇంకను వినబడును గాని, ఆసుపోయుచు పాడుకొనిన పాటలు వినబడవు.

పాటల మాట వచ్చినది గనుక కలిమిశెట్టి మునెయ్యగారిని తలపక పోరాదు. ఈ సీమ పల్లెపాటలను నోటికి నేర్చి, పాడి, కూర్చి 'రాయలసీమ రాగాలు' అను పేర పుస్తకముగా నిలిపినవా రాయన. అంతకు పూర్వము 1958లో బిరుదురాజు రామరాజుగారి జానపద గేయ సాహిత్య గ్రంథము వచ్చినది. పెద్ద పండితులు చేయవలసిన పని చేసిరి. ఇంక చేయవలసినది మీ వీధిలోని అవ్వ పాటను మీరు పట్టియుంచుట. దానిని విశ్వవిద్యాలయము వచ్చి చేయదు.

ఇట్టి పని ఇతరదేశములలో ఎట్లు జరుగుచున్నదో కొంచెము చూతము. 1947 ఆగస్టులో పంజాబు రెండు ముక్కలైనప్పుడు అటునుండి యిటును, ఇటునుండి యటును లక్షలాది జనులు ఇల్లు వాకిలి విడిచి నడచిరి. ఆ కథ రాజకీయ గ్రంథములలో ఎంతో వ్రాయబడినది. నడచినవారి నోట మాత్రము చాలకాలము వినబడలేదు. గునీతా సింగ్ భల్లా అను భౌతికశాస్త్రజ్ఞురాలు, తన అవ్వ లాహోరునుండి అమృతసరమునకు వచ్చిన వృత్తాంతము చిన్ననాట విన్నది. ఆమె 2010లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో ఈ పనికి పూనుకొన్నది. అది '1947 పార్టిషన్ ఆర్కైవ్' అను సంస్థ యైనది. వాలంటీర్లకు ప్రశ్న లడుగుటలోను, కెమెరా పట్టుటలోను శిక్షణ యిచ్చి, వారి వారి ఊళ్లలోని పంజాబీ, సింధీ, బెంగాలీ వృద్ధుల యొద్దకు పంపిరి. ఇంతవఱకు పదివేలకు మించిన జ్ఞాపకములు చేరినవి. విభజననాటి పదియేండ్ల పిల్లలు నేడు తొంబదికి చేరువైనవారు. ఆ పని పదునైదేండ్లు ఆలస్యమైయున్న ఎంత పోయియుండెడిదో ఊహించుకొనవచ్చును.

పంజాబీ వృద్ధులతో పనిచేయువారు చెప్పు ఉపాయ మొకటి మనకును పనికివచ్చును. ఎదుట కూర్చుండి 'మీ సంస్కృతినిగూర్చి చెప్పుడు' అనిన ఎవరును చెప్పలేరు. ఇంటిలోని పుల్కారీ వస్త్రము నొకటి తీసి ముందు పఱచిన చాలును. మనుమరాలి పెండ్లికని అమ్మమ్మ కుట్టిపెట్టెడి ఆ వస్త్రము చూడగానే, అది యెవరు కుట్టిరి, ఏ పెట్టెలో వచ్చినది, ఏమి విడిచి అది తెచ్చిరి అను కథలన్నియు వరుసగా వచ్చును. మన యిండ్లలో పుల్కారీ లేదు గాని ఇసుఱ్ఱాయి కలదు, రోలు కలదు, అటకమీద గొఱ్ఱుకు కట్టిన జడ్డిగము కలదు. వాని యొద్దనే మాట మొదలుపెట్టవలెను. ఇసుఱ్ఱాయి పిడి చేతికిచ్చి, నాలుగు గింజలు పోసి త్రిప్పుమనుడు. కూర్చున్నచోట గుర్తురాని పాట చేయి తిరుగగానే వచ్చును. పాట గొంతులో ఉండునని మన మనుకొందుము. సగము చేతిలో నుండును.

ఇంక వెళ్లువారు తెలిసికొనవలసిన సంగతులు. మొదటి నాడు ఫోను బయటికి తీయవలదు. 'ఏ ఊరబ్బీ, ఎవరి పిల్లోనివి' అని యడుగుదురు. ఆ ప్రశ్నకు తాత పేరుతో సహా తీరికగా జవాబు చెప్పవలెను, ఏలయన మీ తాత వారికి తెలిసినవాడైన సగము పని యయ్యెను. పిలుపు సరిగా నుండవలెను. ఒక యింట అవ్వ, ఒక యింట జేజి, ఒక యింట నానమ్మ. ఆ యింటి బిడ్డ లేమని పిలుతురో అదియే మీ పిలుపు. ఉత్తచేతులతో పోక, వారికి కావలసిన చిన్నపని యొకటి చేసిపెట్టవలెను. ఆధారు వేలిముద్ర పడక తిరుగుచున్న ముసలివారెందఱో కలరు. మట్టిపని చేసి చేసి అరిగిన వ్రేళ్లవి. వారికి తోడు వచ్చి కనుపాప గుర్తించు యంత్రమున్నచోటికి తీసికొనిపోయిన, ఆ మేలు మఱువరు. పింఛనుదారులకు జీవన ధ్రువపత్రము ఫోనులోనే చేసిపెట్టవచ్చును. కండ్లద్దముల మర సడలినది బిగించి యిచ్చినను మేలే.

చెప్పిన కథనే మరల చెప్పుదురు. ఆపవలదు. రెండవమాఱు చెప్పునప్పుడు మొదట దాచిన దొకటి బయటపడును. తప్పు చెప్పిరని దిద్దనువలదు. పులివెందుల ప్రాంతమువారు తఱచుగా చెప్పు మన్రో దొర కథనే తీసికొనుడు. పాపాఘ్ని ఒడ్డున గండిక్షేత్రమున కొండనుండి కొండకు కట్టిన బంగారు తోరణము మన్రోకు కనబడెననియు, అది కనబడినవారు ఎక్కువకాలము జీవింపరని వెంటనున్నవారు దుఃఖించిరనియు, అట్లే ఆయన పోయెననియు చెప్పుదురు. చరిత్రలో ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించెను. విద్యార్థి యీ తేదీ చెప్పి 'తాతా, అది కలరా' అనిన తాత నోరు మూసికొనును. తోరణపు కథ అబద్ధమని తేల్చుటవలన మనకు లాభమేమి? ఒక కలెక్టరు, పిదప గవర్నరైన తెల్లదొర, మన రైతుల మనస్సులో దేవుడు తన తోరణము చూపదగినంతవా డెట్లయ్యెను, ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు లెందుకు పెట్టిరి అన్నదే అడుగవలసిన ప్రశ్న. దానికి పుస్తకముకంటె తాతయే మంచి ఆధారము.

ప్రొద్దుటూరు వారికి వేఱొక సంపద కలదు. అగస్త్యేశ్వరాలయమున శివతాండవము వెలసినదని ప్రసిద్ధి గదా. దానిని రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులుగారు 1990లో గతించిరి. వారియొద్ద బడిలో చదువుకొన్నవారు ఇంకను ఊరిలో కలరు. శివభారతము వ్రాసిన గడియారము వేంకటశేషశాస్త్రిగారిని కన్నులార చూచినవారును కలరు. కవులను గూర్చి పరిశోధన వ్యాసములు వచ్చినవి గాని, ఆచార్యులవారు తరగతిలోనికి ఎట్లు నడచి వచ్చెడివారు, ఏ పద్యము చదువునప్పుడు గొంతు మారెడిది అను సంగతి ఆ విద్యార్థులే చెప్పవలెను. వారికిప్పుడు డెబ్బదియో ఎనుబదియో. ఇట్టివారిని వెదకి పట్టుట కళాశాల పిల్లలకు ఒక నెల పని.

ఒక జాగ్రత్త తప్పక చెప్పవలసి యున్నది. మన మూడు తావులలోను వెనుకటి తరమువారి జ్ఞాపకములలో కక్షల కాలము కలదు. ఎవరో ఒకరి యింట చావు కలదు. ముసలివారు మాటల నడుమ పేర్లు చెప్పుదురు. చెప్పి, 'ఇది వ్రాయగాకు' అందురు. వ్రాయరాదు. అప్పటికే రికార్డయినచో వారియెదుటనే తుడిచివేయవలెను. విధవయైన తల్లి ఆ రాత్రినిగూర్చి తానై చెప్పిన వినవలెను, మీరై త్రవ్వరాదు. కులమును గూర్చి బాధపెట్టు మాటలు కూడ రావచ్చును; అవి చెప్పినవారికంటె, పడినవారి నోటనే ముందు వినుట న్యాయము. పెద్దవారి జ్ఞాపకమనగా కేవలము పాటలు, పండుగలు, జొన్నసంగటి, ఊరిబిండి యని తలచి పోవువారు కొంచెము మనస్సు గట్టి చేసికొని పోవలెను.

పట్టిన దేమి చేయవలె ననునది తరువాతి ప్రశ్న. మొదటి ప్రతి ఆ యింటికే చెందవలెను. బెంగుళూరులోని కొడుకు ఫోనుకు పంపుడు. తల్లి పాట వినుటకు అతనికి అర్ధరాత్రియైనను తీరిక దొరకును. రెండవ ప్రతి, వారి యనుమతి యున్నచో, గ్రంథాలయమునకో కళాశాలకో చేరవలెను. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోను, పులివెందుల ఇంజనీరింగు కళాశాలలోను చదువు పిల్లలకు యంత్రవిద్య వచ్చును. వేయి శబ్దపత్రములను పేరు, ఊరు, తేది, పాడిన సందర్భములతో క్రమముగా అమర్చుట వారికి లెక్కలోనిది కాదు. ఆ నాలుగు వివరములు లేని రికార్డు ఎంత మధురమైనను పదియేండ్లకు దిక్కులేనిదగును. 1969నుండి నడచుచున్న జాతీయ సేవా పథకములో చేరిన విద్యార్థులు శిబిరమునకు పోయినప్పుడు వీధులూడ్చుదురు, మొక్కలు నాటుదురు. అందొక మధ్యాహ్నము దీనికి కేటాయించిన అధ్యాపకులకు పోవునది యేమియు లేదు.

చివరకు మా వృత్తికి సంబంధించిన మాట రెండు. కడప కేంద్రము 1963లో ప్రసారములు మొదలుపెట్టిననాడు పల్లెపాట పట్టవలెనన్న బరువైన యంత్రమును జీపులో మోసికొని పోవలసి యుండెను. నేడు అందఱి జేబులోను అంతకు మించిన యంత్రము కలదు. అయినను శబ్దము చెడుటకు కారణములు నాటివే. ఫోనును వారి ఒడిలో పెట్టవలదు, చీర గరగర వినబడును. జానెడు దూరమున ఒక మడత తువ్వాలమీద పెట్టుడు. ఇనుపరేకుల కప్పు క్రింద మాట గింగురుమనును. వేపచెట్టు నీడ మేలు. కుక్కరు ఈల, టీవీ, ప్రక్కయింటి మోటారు అన్నియు పాటలో చేరును. ఫ్యాను తప్పక నిలుపవలెను. మన యెండలలో మధ్యాహ్నవేళ ముసలివారిని ఫ్యాను ఆపుకొమ్మనుట పాపము గనుక, తెల్లవాఱి ఆఱుగంటలకే పోవుడు. అప్పటికి అవ్వలు వాకిట కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, ఎవరైన వత్తురేమోనని అరుగుమీద కూర్చునియే యుందురు.